బాకీ ఒక్కపొద్దులు

కణాలకు చావడం నేర్పించడం షాహిదా ఉద్యోగం. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం పని చేస్తున్నావమ్మా అని అడిగితే ఆమె ఆ మాట చెప్పేది కాదు. ఆస్పత్రిలో పని అని ఊరుకునేది. ఆస్పత్రి అనగానే వాళ్ళు తమ మోకాళ్ళ నొప్పులు మొదలుపెట్టేవాళ్ళు. వినడానికి కాస్త ఓపికుంటే చాలు, వివరించే పని తప్పేది.

ఆస్పత్రికి అనుబంధంగా ఉన్న ఆమె పరిశోధన కేంద్రం కర్నూలు ఊరి బయట, పెద్దరోడ్డు పక్కన ఉంది. అందులో మూడో అంతస్తు కాలేయ విభాగానిది. వెచ్చటి పెట్టెల్లో పారదర్శకమైన పళ్ళేలు, పళ్ళేల్లో గులాబీరంగు పోషకద్రవం, దాని అడుగున మనుషుల కాలేయాల నుంచి తీసిన క్యాన్సర్ కణాలు. వాటికి వేళకు తిండి మార్చాలి. వాటికి పండగ లేదు, ఆదివారం లేదు. పసిపిల్లలున్న ఇంట్లో కంటే ఎక్కువ చాకిరీ. ఏళ్ళ తరబడి చేసిన ఆ చాకిరీలో షాహిదాకు నడుంనొప్పి వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, చెంపలు నెరిశాయి. కణాలు మాత్రం నవనవలాడుతూనే ఉన్నాయి.

చెడిపోయిన కణం తనంతట తానే చచ్చిపోవాలి. అలా చావమనే ఆజ్ఞ ప్రతి కణంలోనూ పుట్టుకతోనే రాసి ఉంటుంది. ఈ క్యాన్సర్ కణాలు ఆ ఆజ్ఞను చెరిపెయ్యలేదు. అది రాసి ఉన్న పోగును ఉండచుట్టి, పైన రసాయనపు ముద్రలు వేసి, ఎవరికీ కనపడకుండా దాచేశాయి. అక్షరాలన్నీ భద్రంగానే ఉన్నాయి, చదివే దారే మూసుకుపోయింది. ఆ ముద్రలు ఊడదీసే మందు కోసం డాక్టర్ వకుళాదేవి, ఆమె కింద షాహిదా, ఇంకో నలుగురు తంటాలు పడుతున్నారు.

షాహిదా ఈ సంగతి తల్లికి చెప్పిన రోజు ఖాసింబీ వాకిట్లో కూర్చుని పరుపు కుడుతోంది. వాళ్ళు దూదేకులవాళ్ళు. తండ్రి బతికున్నన్నాళ్ళూ జొహరాపురం వీధుల్లో దూది ఏకి పరుపులు చేసిచ్చాడు. ఆయన పోయాక ఖాసింబీ దబ్బనం పట్టుకుంది.

"అంటే దూది ఉండ కట్టినట్లా?" అంది ఖాసింబీ.

"అట్లనేమ్మా."

"ఏకితే ఇడిపోతాది గదా."

"ఆ ఏకే మందే చేస్తాండాము."

"ఇంత సదువూ సదివి, మళ్ళా దూదేకను పోయినావా పాపా" అని ఖాసింబీ పళ్ళ మధ్య దారం కొరుకుతూ నవ్వింది. షాహిదా ఆ మాట ల్యాబులో చెబితే అందరూ నవ్వారు. మందుకు పెట్టిన అంకెల పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరిగేది కాదు. అప్పటినుంచి అది ఏకుడు మందైంది.

ఏకుడు మందు పోగులనైతే విడదీసింది గానీ కణాలు చావలేదు. ఆజ్ఞ కళ్ళెదుట కనిపిస్తున్నా చదివే తీరిక లేనట్టు తింటూ పెరుగుతూ పోయాయి. తల ప్రాణం తోకకొచ్చిన ఆ రోజుల్లోనే పీర్ల పండగ వచ్చింది. ల్యాబులో అందరికీ ఊళ్ళున్నాయి, అన్ని ఊళ్ళలోనూ పీర్లున్నాయి. కణాలకు తిండి వాళ్ళు పెడతారని వీళ్ళు, వీళ్ళు పెడతారని వాళ్ళు అనుకుని తలా ఒక బస్సెక్కారు. తిరిగొచ్చి చూస్తే మందు వెయ్యని పళ్ళేల్లో కణాలు నీరసంగా ఉన్నా బతికే ఉన్నాయి. మందు వేసిన పళ్ళేలు కడిగిపెట్టినట్టు ఉన్నాయి. అందరినీ చీవాట్లు పెడదామని వచ్చిన వకుళాదేవి సూక్ష్మదర్శినిలో చూసి, కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది.

మందు ఆజ్ఞను బయటపెడుతుంది, ఆకలి దాన్ని చదివిస్తుంది. మంచి కణాల పోగులు కూడా విడిపోతాయి గానీ, అవి పొదుపుగా బతికేవి కాబట్టి కొద్దిపాటి ఆకలికి చలించవు. క్యాన్సర్ కణం తిండిపోతు, ముందు అదే పడిపోతుంది. ఎలుకల్లో అయితే కొన్ని వారాలకల్లా మంచి కణాల మీద ముద్రలు మళ్ళీ పడ్డాయి. మనుషుల్లోనూ పడతాయని అనుకున్నారు. ఆ అనుకోవడం వెనక ఎలుకలు తప్ప వేరే సాక్ష్యం లేదని షాహిదాకు అప్పుడూ తెలుసు. కానీ అప్పటికే ఖాసింబీ కడుపులో కుడివైపు గడ్డ కనిపించింది.

తండ్రిని తీసుకుపోయిందీ ఆ జబ్బే. ఇద్దరి రక్తంలోనూ పాత కామెర్ల వైరస్ చడీచప్పుడూ లేకుండా ఏళ్ళపాటు కాపురం చేసింది. మందును మొదటిసారి మనుషులకు ఇవ్వడానికి అనుమతి వచ్చినప్పుడు, ఎంచుకున్న కొద్దిమందిలో షాహిదా తల్లి కూడా ఉంది. సొంత తల్లిని చేర్చవద్దని వకుళాదేవి ఒకసారి చెప్పి చూసింది. మీ అమ్మయితే ఏం చేసేవాళ్ళు మేడమ్ అని షాహిదా అడిగాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మందు ఎక్కించాక మూడు పగళ్ళూ రాత్రులూ నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వరు. మిగతావాళ్ళు మొదటి పూటకే నర్సుల్ని తిట్టారు. పక్క గదిలో ఉన్న ఆదోని రైతు సుంకన్న, ఇంతకంటే ఆ గడ్డే మేలు, అదన్నా నన్ను తిననిచ్చిందని గొణిగాడు. ఖాసింబీ మాత్రం మంచం మీద కూర్చుని జపమాల తిప్పుకుంటూ, "మనకేం కొత్తనా పాపా" అంది. గడ్డ కరిగిపోతున్నట్టు ప్రతి స్కానులోనూ కనిపించింది.

ఆ మధ్యలోనే రంజాన్ వచ్చింది. ఎండలు మండే నెల. షాహిదా ఈ విషయం ముందే ఆలోచించి పెట్టుకుంది. నీళ్ళు కూడా ముట్టని రంజాన్ ఒక్కపొద్దు ఒక్కటి కూడా ఉండడానికి వీల్లేదని తల్లి చేత మాట తీసుకుంది. రోగం ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉందని ఖాసింబీకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. నెలంతా వంటింట్లో గోడవైపు తిరిగి అన్నం తిన్నది. వీధిలో ఎవరైనా అడిగితే, మా పాప డాక్టరు గదా, ఒప్పుకోల్యా అనేది.

వానలు పడ్డాక తీసిన స్కానులో గడ్డ లేదు. వకుళాదేవి బొమ్మను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, షాహిదా భుజం తట్టింది. షాహిదా ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒళ్ళు హూనమై ఉంది. తల్లికి చెప్పాల్సింది చాలా ఉంది. మంచి కణాల సంగతి, ముద్రల సంగతి, ఎలుకల సంగతి. కొన్ని వారాల పాటు కడుపు ఖాళీగా ఉంచకూడదని ఆస్పత్రిలో అందరికీ చెప్పినట్టే చెప్పారు, మిగతాది తర్వాత వివరించొచ్చులే అనుకుంది. చెప్పులు విడుస్తూ, "నయమైపోయిందిమ్మా" అంది.

ఖాసింబీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అంతా పోయినట్లేనా?"

"అంతా పోయినట్లే. ఇంక నువ్వు అందరి మాదిరే."

ఆ రాత్రి షాహిదా కడుపునిండా తిని, ఎన్నో నెలల తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

పత్తి తీతలు మొదలైన రోజుల్లో సుంకన్న చనిపోయాడు. వారాల గడువు దాటి చాలా కాలమైంది. అతనికీ గడ్డ పోయిందనే చెప్పి పంపారు. కబురు విని షాహిదా, ఇంకో డాక్టరు వెళ్ళేసరికి దహనం కూడా అయిపోయింది. తర్వాత అతని భార్య ఉలిగమ్మ, ఇంట్లో మిగిలిన బలం మాత్రలు సంచిలో వేసుకుని ఆస్పత్రికి వచ్చింది. అవి ఇంకెవరికైనా పనికొస్తాయేమోనని తెచ్చిందట.

"బాగనే ఉన్నాడు మేడం. పత్తి మూటలు మోసినాడు" అంది ఉలిగమ్మ. "వాళ్ళన్న సచ్చిపోతే ఆ పొద్దంతా ఆడనే ఉన్నాడు. ఆయన కొడుకులు బెంగుళూరు నుంచి వచ్చేదాకా శవాన్ని ఎత్తల్యా. ఎత్తేదాకా పొయ్యి ముట్టియ్యరు గదా. తెల్లారి కళ్ళు పచ్చగైనాయి, మాట తడబడింది. అంతే."

షాహిదా వింటూనే ఉంది. వింటూనే ల్యాబు నుంచి వచ్చిన మెసేజి చూసుకుంది. అన్న పోయిన దిగులు, అలసట, ఎక్కడో తగిలిన ఇన్‌ఫెక్షన్ అని విభాగంలో అందరూ ఒక నిర్ణయానికి వచ్చారు. అతని కాలేయం ముందే సగం గట్టిపడి ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఉలిగమ్మ మాత్రల సంచిని బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయింది.

చలికాలంలో ఖాసింబీ చిక్కిపోవడం మొదలైంది. షాహిదా పొద్దున్నే వంట చేసి పెట్టి వెళ్ళేది. మధ్యాహ్నం ఫోన్ చేసి, "తింటివామ్మా?" అని అడిగేది. "తింటి లే" అనేది ఖాసింబీ. రాత్రి వచ్చి చూస్తే గిన్నెలు కడిగి బోర్లించి ఉండేవి. అయినా మెడ దగ్గర ఎముకలు తేలాయి. ఒకరోజు ఉదయపు ఎండలో తల్లి కళ్ళు షాహిదాకు పసుపుగా కనిపించాయి.

గడ్డ తిరిగొచ్చిందనే అనుకుంది. స్కాను చేయించింది. గడ్డ లేదు. కానీ కాలేయం కుంచించుకుపోతోంది. రక్తంలో చచ్చిన కణాల ఆనవాళ్ళు పొంగిపొర్లుతున్నాయి. మంచి కణాలే చస్తున్నాయి. ఎందుకు చస్తున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. వకుళాదేవి తన గురువులకు ఫోన్లు చేసింది, షాహిదా రాత్రింబగళ్ళు పాత లెక్కలు తిరగేసింది. నిద్రలేక పళ్ళేలు రెండు చేజార్చుకుంది. ఇంటికి పొమ్మని వకుళాదేవి కసిరింది.

అలా షాహిదా ఓ రోజు నాలుగు కాకముందే ఇంటికి బయలుదేరింది. దారిలో తల్లికి ఇష్టమని బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కట్టించుకుంది. ఇంట్లో అడుగుపెట్టేసరికి ఖాసింబీ పెరట్లో కొళాయి దగ్గర పీట వేసుకుని నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కుంటోంది.

"ఈ పొద్దప్పుడు వచ్చినావేమి పాపా?"

"ఉగ్గాని తెచ్చినా. వేడి మీద తిందువు రా."

"ఆడ పెట్టు. తర్వాత తింటా."

ఖాసింబీ దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుంది. పుక్కిలించలేదు. తల వంచి, పెదాల చివరనే నీటిని అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా ఉమ్మేసింది. మళ్ళీ ఒకసారి ఉమ్మింది, ఒక్క చుక్క కూడా గొంతులోకి జారకుండా. షాహిదా ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. అలా నోరు కడుక్కునే మనిషిని చిన్నప్పటినుంచి ప్రతి రంజాన్‌లోనూ చూసింది. చేతిలో పొట్లం అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా, ఒక్కపొద్దుండావా?"

ఖాసింబీ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పోయిన రంజాన్‌వి నెలంతా బాకీ ఉండాయి గదా" అంది. "రోగమున్నప్పుడు ఇడిసినవి నయమైనాక తీర్చాల. చలికాలం పొద్దు చిన్నది. మా అత్త, మీ జేజి గూడ చలికాలమే తీర్చేది. రోజు ఇడిసి రోజు ఉంటాండా."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే వద్దంటావు. నయమైపోయిందని నువ్వే గదా చెప్తివి. అందరి మాదిరే అంటివి. అందరూ తీర్చుకుంటారు గదా పాపా."

"మధ్యాహ్నం ఫోన్ చేస్తే తింటినంటివే."

"అబద్ధం కాదు. తెల్లారకముందు తింటి."

నువ్వు వండిన అన్నం ఎదురింటి పరుపుల మస్తాన్ తల్లికి పెడుతున్నానని కూడా చెప్పింది. అడగకపోయినా చెప్పింది. ఒక్కపొద్దులో దాపరికం ఎందుకనుకుందేమో.

రంజాన్ గురించి అంత ముందుచూపుతో ఆలోచించిన షాహిదాకు ఆ తర్వాత వచ్చే బాకీ సంగతి తట్టనే లేదు. చదువులో పడ్డాక తాను ఒక్కపొద్దులు ఎప్పుడో మానేసింది. మానేసినవాళ్ళకు బాకీ గుర్తుండదు. అప్పుడు ఆదోని ఇంట్లో వెలగని పొయ్యి గుర్తొచ్చింది. ఉలిగమ్మ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది, ఏదీ వదల్లేదు. చెబుతుంటే తాను ఫోన్ చూసుకుంది.

షాహిదా వంటింట్లోకి పరిగెత్తి గ్లాసులో చక్కెర నీళ్ళు కలిపి తెచ్చింది. "తాగు."

"ఇంగ రెండు గడియలే గదా. పొద్దు వాల్తాంది."

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. తాగు."

భర్త పోయిన రోజు తర్వాత కూతురు ఏడవడం ఖాసింబీ చూడలేదు. గ్లాసు తీసుకుని, పెదాల దగ్గర కాసేపు ఆపి, తాగేసింది. "నీ మొగం చూసి తాగినా" అంది. కాసేపయ్యాక, "ఇది గూడ బాకీలో చేరింది" అని నిట్టూర్చింది.

మర్నాడే షాహిదా పాత కణాలను బయటికి తీయించింది. చికిత్స పొందినవాళ్ళ కాలేయాల నుంచి తీసి, అప్పటినుంచీ పెంచుతున్న మంచి కణాలు అవి. మందు పడి చాలా నెలలైంది కాబట్టి వాటి మీద ముద్రలు ఈపాటికి తిరిగి పడి ఉండాలి. తిండి తీసేసి పెట్టింది. పొద్దుగూకేసరికి సగం పళ్ళేలు ఖాళీ. ఎలుకల పోగులు మళ్ళీ చుట్టుకున్నాయి గానీ మనుషుల పోగులు చుట్టుకోలేదు. ఏకిన దూది ఏకినట్టే ఉండిపోయింది. మందు పడిన కొత్తలో మూడు రోజుల పస్తుకు నిలిచిన మంచి కణాలు, నెలల తరబడి పోగులు విడిపోయి ఉండేసరికి ఆ పొదుపు మరిచిపోయాయి. ఒకసారి ఈ మందు పుచ్చుకున్న మనిషి కాలేయం ఇక ఎన్నటికీ ఆకలికి ఓర్చుకోలేదు. పూట తప్పితే చాలు, మంచి కణం కూడా చావు ఆజ్ఞ చదువుకుంటుంది.

వకుళాదేవి ఆ పళ్ళేలను తానే చూసింది. రెండోసారి చూడలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకుంది. ఎండాకాలంలో ఢిల్లీ నుంచి కమిటీ రావాల్సి ఉంది. ఆమె రిటైర్మెంటు ఆ తర్వాత కొద్దిరోజులకే.

"చికిత్స తీసుకున్నవాళ్ళందరికీ ఇవాళే ఫోన్లు చేయించు" అంది. "వేళకు తినమను. రాత్రిళ్ళు లేచి తినమను."

"చేయించాను మేడమ్. కమిటీకి ఏం చెబుదాం?"

"పూర్తిగా నయమవుతుంది, కడుపు ఖాళీగా ఉంచకూడదు అని ఒక ముక్క చేరుద్దాం."

"ఎన్నాళ్ళు ఉంచకూడదు?"

"బతికినంత కాలం."

"దాన్ని నయమవడం అంటారా మేడమ్?"

వకుళాదేవి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "గడ్డతో అయితే ఆ సుంకన్న ఇంకో రెండు నెలలు కూడా బతికేవాడు కాదు, షాహిదా. మనం ఇచ్చింది బతుకే. దాన్ని ఏమనాలి మరి?"

"తెలీదు. కానీ నయమైందంటే జనానికి ఏం వినిపిస్తుందో నాకు తెలిసింది. పాత బతుక్కి తిరిగి వెళ్ళొచ్చని వినిపిస్తుంది. మా అమ్మ బాకీలు తీర్చుకుంటుంది. సుంకన్న అన్న శవం దగ్గర కూర్చుంటాడు. కాగితంలో ఒక ముక్క చేరిస్తే అది ఆగదు."

"ఆ మాట తీసేస్తే మందు మూలపడుతుంది. పడితే ఇంకెంతమంది పోతారో అదీ ఆలోచించు."

షాహిదాకు తండ్రి ఉబ్బిన పొట్ట గుర్తుంది, ఆయన చివరి రోజుల అరుపులు గుర్తున్నాయి. ఆ మందు కోసమే తన వయసంతా ధారపోసింది. చివరికి వకుళాదేవి, "నాకు ఓపిక లేదు. కమిటీ ముందు నువ్వే మాట్లాడు. నీకు తోచింది చెప్పు" అని లేచి వెళ్ళిపోయింది.

ఇంట్లో బతుకు గడియారానికి కట్టుబడిపోయింది. ఖాసింబీ పగలు మూడు గంటలకోసారి ఏదో ఒకటి తినాలి, రాత్రి లేచి పాలూ రొట్టే తినాలి. లేపే పని షాహిదాది. ల్యాబులో కణాలకు తిండి, ఇంట్లో తల్లికి తిండి. ఒక్కోరోజు ఎక్కడున్నానో కూడా ఆమెకు తెలిసేది కాదు. ఖాసింబీ కళ్ళలో పసుపు మెల్లగా తగ్గింది. ఒంట్లో బలం రాలేదు. దబ్బనం పట్టుకుంటే వేళ్ళు వణికేవి. మనిషి మాత్రం దేనికో మథనపడుతూ ఉండేది. చావు భయమేమోననుకుంది షాహిదా.

ఎండలు ముదిరాయి. రంజాన్ దగ్గరకొచ్చింది. ఒక సాయంత్రం షాహిదా అరటిపండు ఒలిచి ఇస్తుంటే ఖాసింబీ ఆ చెయ్యి పట్టుకుంది.

"పాపా, ఒక మాట అడుగుతా. దాచకుండ చెప్పాల."

"అడుగు."

"నాకు నయమైనట్లా, కానట్లా? పోయినేడుది బాకీ ఉండాది. ఈ యేడుది నెత్తి మీదికొచ్చె. నయమైనదాన్నైతే తినేది పాపం. రోగిష్టిదాన్నైతే దానికో దోవ ఉండాది. నువ్వు నయమైందంటివి, మళ్ళా తినమంటాండావు. నేనెవరో నాకే తెలీడంల్యా."

షాహిదా విభాగం గోడ మీద, కమిటీకి పంపే కాగితాల్లో, వకుళాదేవి కళ్ళలో, అన్నిచోట్లా ఉన్నది ఆ ఒక్క మాటే. నయం. దాన్ని అనడానికి ఎంత కష్టపడిందో, అనకుండా ఉండడానికి అంతకంటే ఎక్కువ కష్టంగా ఉంది.

"నయం కాలేదమ్మా" అంది. "గడ్డ పోయింది గానీ నయం కాలేదు. ఇంక కాదు. ఉన్నన్నాళ్ళూ నువ్వు రోగివే. అప్పుడు నేను తప్పు చెప్పినా."

తల్లి ఏడుస్తుందనుకుంది. ఖాసింబీ గట్టిగా ఊపిరి తీసుకుని గోడకు చేరగిలబడింది. ఎన్నో రోజులుగా మోస్తున్న మూట దించినట్టు ఆమె భుజాలు వాలాయి.

"ఇంతేనా?" అంది. "ఇది ముందే చెప్పుంటే అయిపోయేది గదా. తీరని రోగమున్నోళ్ళు ఒక్కొక్క రోజుకు ఒక్కొక్కరికి అన్నం పెడితే సాలు. బాకీ అంతా అట్లనే తీరిపోతాది." అరటిపండు చేతిలోకి తీసుకుని, నెలల తర్వాత మొదటిసారి ఇష్టంగా తిన్నది.

తీరని రోగమనే కబురుకు తల్లి తేలికపడటం చూసి షాహిదా వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. మర్నాడు కాగితాల్లో ఆ మాట కొట్టేసింది. కమిటీ ముందు కూడా అదే చెప్పింది. ఇది నయం చెయ్యదు, గడ్డను తీసేసి మనిషిని ఆకలికి అప్పజెబుతుంది, ఒప్పుకున్నవాళ్ళకే ఇవ్వాలి, వాళ్ళకు మీరు రోగులేనని ప్రతిసారీ చెప్పాలి అని. కమిటీవాళ్ళు మందును ఆపలేదు, ముందుకూ పంపలేదు. ఇంకో రెండేళ్ళు చూడమన్నారు. సుంకన్న చావు మీద విచారణ చెయ్యమన్నారు. వకుళాదేవి రిటైరైన రోజు షాహిదాతో ముక్తసరిగా మాట్లాడి వెళ్ళిపోయింది.

విచారణలో వాంగ్మూలం ఇవ్వడానికి ఉలిగమ్మ కర్నూలు వచ్చింది. అప్పటికి రంజాన్ సగమైంది. అడిగినవాళ్ళు ఏమేం అడిగారో ఆమెకు పూర్తిగా అర్థమైనట్టు లేదు. ఆదోని బస్సుకు ఇంకా చాలా పొద్దుంది. షాహిదా ఆమెను ఇంటికి తీసుకొచ్చింది. ఇవాళ్టి అన్నం ఎవరికి పెట్టాలా అని ఖాసింబీ వాకిలి వైపే చూస్తోంది.

బయట వీధి వీధంతా ఒక్కపొద్దులో ఉంది. హోటళ్ళకు పరదాలు దించి ఉన్నాయి. షాహిదా కూడా, ఎందుకో సరిగ్గా చెప్పలేదు గానీ, ఆ యేడు ఒక్కపొద్దులు ఉంటోంది. లోపల చాప మీద ఇద్దరు ఆడవాళ్ళు కంచాల ముందు కూర్చున్నారు. అన్నం, పప్పు, గోంగూర, మజ్జిగ. ఖాసింబీకి కూడా తినే వేళైంది. ఇంటికొచ్చిన మనిషి తృప్తిగా తింటుంటే ఆమె మొహం వెలిగింది.

షాహిదా ఎదురుగా కూర్చుంది. అన్నం తినే మనిషికి చెప్పే మాట కాదది. కానీ బస్సెక్కాక చెప్పే మాట కూడా కాదు.

"ఉలిగమ్మా, మీ ఆయన దిగులుతో పోలేదు. ఇన్‌ఫెక్షనూ కాదు" అంది. "ఆ పొద్దు అన్నం తినకుండ ఉన్నందుకే పోయినాడు. ఆ మందు తీసుకున్నోళ్ళు పస్తుండకూడదు. అది మాకు తెలీదు. తెలుసుకునే పని మాది, మేం తెలుసుకోలేదు. నువ్వొచ్చి చెప్పినప్పుడు నేను వినలేదు. నయమైందని చెప్పి పంపినాం."

ఉలిగమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కలిపిన ముద్ద వేళ్ళ మధ్య అలాగే ఉంది. ఆమె షాహిదా వైపు చూడలేదు. గోడకు ఆనించి నిలబెట్టిన సగం కుట్టిన పరుపు వైపు చూస్తూ ఉండిపోయింది.

"పక్కింటి పిల్లోడు గోధుమ రొట్టె తెచ్చిచ్చినాడు" అంది. "శవం ఎత్తకముందే ఎట్ల తింటావని నేనే ఎనక్కిచ్చినా."

షాహిదా చేతులు ఒళ్ళో పెట్టుకుని తలవంచుకుంది. ఖాసింబీ కూడా తినడం ఆపేసింది. ఇలాంటి మాట విన్న ఇంట్లో ముద్ద ఎలా దిగుతుందని చెయ్యి కంచం అంచు మీద పెట్టి కూర్చుంది.

ఉలిగమ్మ కళ్ళు తుడుచుకుని, తల తిప్పి, ఖాసింబీ కంచం చూసింది. అన్నం సగం అలాగే ఉంది. పచ్చదనం ఇంకా పూర్తిగా పోని ఆమె కళ్ళను కూడా చూసింది.

"నువ్వు గూడ ఆ మందే తీసుకున్నావా అక్కా?"

ఖాసింబీ అవునన్నట్టు తలూపింది.

ఉలిగమ్మ ఎడమచేత్తో పప్పుగిన్నె అందుకుని ఖాసింబీ కంచంలో వడ్డించింది. "నువ్వు ఆపొద్దు" అంది. "నేను ఏడుస్తే ఏడుస్తా. నువ్వు తిను."

ఖాసింబీ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఆమె మింగేదాకా ఉలిగమ్మ చూస్తూ కూర్చుంది.